ఏ పనికి ఏ ఫొటో

మనం అడుగు పెట్టని చోటికి కూడా మన ఫొటో వెళ్తుంది. ఇంటర్వ్యూకి పిలవాలా వద్దా అని ఆలోచించే అధికారి మనకంటే ముందు దాన్నే చూస్తాడు. అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో నిలబడి రక్తదాతల గ్రూపులో నంబర్లు వెతుక్కునే మనిషికి, పేరు పక్కనున్న ఆ చిన్న గుండ్రటి బొమ్మే మన పరిచయం. ఇంత బరువు మోసే ఫొటోను ఎంచుకోవడానికి మనం ఐదు నిమిషాలు కూడా కేటాయించం.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకావిడను అనుకుందాం. వారమంతా ఆఫీసు. ఆదివారం బస్తీ బడిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. అపార్ట్‌మెంటు సంఘానికి కోశాధికారి. ఏడాదికోసారి చదివిన కాలేజీకి వెళ్ళి విద్యార్థులతో మాట్లాడుతుంది. ఈ నాలుగు చోట్లా ఆవిడ ఫొటో ఒక్కటే ఉంటుంది. ఎప్పుడో వీసా కోసం తీయించుకున్నదో, ఎవరి పెళ్ళిలోనో దిగినదాంట్లో పక్కవాళ్ళను కత్తిరించగా మిగిలినదో. మొదటిదాంట్లో ముఖం బిగుసుకుపోయి ఉంటుంది, రెండోదాంట్లో భుజం మీద ఎవరిదో చెయ్యి కనిపిస్తుంటుంది.

ప్రొఫైలు ఫొటో ఎంపిక మీద మనస్తత్వ పరిశోధకులు ఏం తేల్చారు, వృత్తుల నియమాలు ఏమంటున్నాయి, స్వచ్ఛంద సేవలో వచ్చే ప్రత్యేకమైన చిక్కులేమిటి అన్నవి ఒకచోట చేర్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫొటో దిగేది మనమే అయినా దాని అవసరం చూసేవాళ్ళది. వాళ్ళు మన ముఖాన్ని ఒక ప్రశ్న అడుగుతారు. ఒకరు 'ఇతను అతనేనా?' అని, ఒకరు 'ఈ పని ఈమెకు వచ్చా?' అని, ఇంకొకరు 'వీళ్ళను అడిగితే సాయం చేస్తారా?' అని. ఆ ప్రశ్నేదో తెలియకుండా బాగా వచ్చిన ఫొటో కోసం ఆల్బమంతా తిరగేసినా లాభం లేదు.

రెండు పాత దారులు

1854లో పారిస్‌లో డిస్దేరి అనే ఫొటోగ్రాఫరు విజిటింగ్ కార్డంత ఫొటోలు తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఒకే ప్లేటు మీద ఎక్కువ బొమ్మలు తీయడంతో ఖర్చు తగ్గింది. అంతవరకూ చిత్రకారుడి ముందు కూర్చునే స్తోమత లేని వాళ్ళు కూడా తమ ముఖాన్ని కార్డు మీద అచ్చేయించి స్నేహితులకు పంచుకోగలిగారు. మరో ముప్ఫై ఏళ్ళకు అదే నగరంలో, పోలీసు శాఖలో పనిచేసే అల్ఫోన్స్ బెర్తియోఁ నేరస్థులను ఒకే దూరం నుంచి, ఒకే వెలుతురులో, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీసే పద్ధతిని స్థిరపరిచాడు. మొదటి దారి పరువు కోసం, రెండోది పోలిక కోసం. మన పాస్‌పోర్టు సైజు ఫొటో రెండో దారిలో పుట్టిన బిడ్డ. దాన్ని తీసుకెళ్ళి మొదటి దారికి చెందిన పనులన్నిటికీ వాడుతున్నాం. సగం సమస్య ఇక్కడే ఉంది.

మన నేల మీద ఈ కళకు గొప్ప ఆరంభమే ఉంది. రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పనిచేశారు, సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. పరదా పాటించే కుటుంబాల ఆడవాళ్ళ కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఫొటో ఎవరు తీస్తారు, ఎవరి కంట పడుతుంది అన్నది ఆనాటి స్త్రీలకు ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. వాట్సాప్ డీపీ పెట్టుకోవడానికి జంకే ఈనాటి అమ్మాయిల భయానికీ దానికీ పెద్ద తేడా లేదు. ఆ సంగతి సేవ దగ్గరికి వచ్చినప్పుడు చూద్దాం.

పరిశోధన ఏం చెబుతోంది

ముఖం చూసి మనిషిని అంచనా వేయడానికి ఎంత సేపు పడుతుంది? ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ తొదొరోవ్ 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం సెకనులో పదో వంతు చాలు. అంత తక్కువ సేపు ముఖం చూపించినా 'నమ్మదగినవాడు', 'సమర్థుడు' అనే అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ఎంత సేపైనా చూడనిచ్చినప్పుడు ఏర్పడిన అభిప్రాయాలూ ఇంచుమించు అవే. సమయం ఇస్తే పెరిగింది చూసేవాళ్ళకు తమ అంచనా మీద ధీమా మాత్రమే. ఆ అంచనా నిజమని ఆ పరిశోధకులు ఎక్కడా అనలేదు. ముఖం చూసి గుణం చెప్పలేం. కానీ మనుషులు చెప్పేస్తున్నారు, ఆ మాట మీదే నిర్ణయాలూ తీసుకుంటున్నారు. ఫొటో గురించి పట్టించుకోవాల్సింది అందుకే.

రెండో సంగతి నాకు ఇంకా ఆశ్చర్యంగా తోస్తుంది. రాబ్ జెన్కిన్స్, డేవిడ్ వైట్ తదితరులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో ఇద్దరు డచ్ ప్రముఖుల ఫొటోలు ఒక్కొక్కరివి ఇరవై చొప్పున నలభై తీసుకున్నారు. వాళ్ళెవరో తెలియని బ్రిటిష్ వాళ్ళకు ఇచ్చి, ఏ మనిషివి ఆ మనిషికి విడదీయమన్నారు. ఉన్నది ఇద్దరే అయినా సగటున ఏడెనిమిది కుప్పలు పోశారు. ఆ ప్రముఖులు తెలిసిన డచ్ వాళ్ళు మాత్రం రెండు కుప్పలే పోశారు. మన ముఖం మనకూ మనవాళ్ళకూ ఒక్కటే. కొత్తవాళ్ళకు మాత్రం ఒక్కో ఫొటోలో ఒక్కో మనిషి కనిపిస్తాడు. 2014లో తొదొరోవ్, పోర్టర్ చేసిన పని దీనికి కొనసాగింపు. ఒకే మనిషి వేర్వేరు ఫొటోల మీద ఏర్పడే అభిప్రాయాల్లో తేడా చాలా పెద్దదని, ఎన్నికల ప్రచారానికి ఏది బాగుంటుంది, సినిమాలో విలన్ వేషానికి ఏది బాగుంటుంది అని అడిగితే అదే మనిషివి వేర్వేరు ఫొటోలు ఎంచుతారని తేలింది. పాత్రను బట్టి ఫొటో మారాలన్న మాటకు ఇంతకన్నా బలమైన ఆధారం అక్కర్లేదు.

మరి ఆ ఎంపిక ఎవరు చేయాలి? మనమైతే కాదు. ఆస్ట్రేలియాలో డేవిడ్ వైట్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి పైగా విద్యార్థులు తమవే పన్నెండు ఫొటోల్లోంచి వృత్తిపరమైన ప్రొఫైలుకు, స్నేహితుల ప్రొఫైలుకు, సంబంధం వెతుక్కునే ప్రొఫైలుకు తగినవి ఎంచుకున్నారు. అవే ఫొటోల్లోంచి ముక్కూ ముఖం తెలియని వాళ్ళూ ఎంచారు. తరువాత మూడో గుంపు చూసి మార్కులు వేస్తే, పరాయివాళ్ళు ఎంచిన ఫొటోలకే మంచి పేరొచ్చింది. మనల్ని మనం చూసుకునే చూపులోనే లోపం ఉందన్నమాట. దానికి ఒక కారణం 1977లోనే మరో ప్రయోగం చూపించింది. ఒకే ఫొటోను మామూలుగా ఒకటి, అద్దంలో కనిపించేలా కుడిఎడమలు తిప్పి ఒకటి అచ్చువేసి చూపిస్తే, ఫొటోలోని మనిషి అద్దం రూపాన్ని, స్నేహితులు అసలు రూపాన్ని ఇష్టపడ్డారు. రోజూ చూసి అలవాటైన ముఖమే ఎవరికైనా నచ్చుతుంది. ఫొటో చూడగానే 'ఇది నాలా లేదు' అనిపించడానికి ఇదొక మూలం. అలా అనిపించిన ఫొటోలోనే మనం ఇతరులకు మనలా కనిపిస్తుండవచ్చు.

అయితే ఎంచమని ఎవరికివ్వాలి? అమ్మకో, భర్తకో, భార్యకో ఇస్తే ప్రేమతో చూస్తారు. ఆ ఫొటో చూడబోయే వర్గానికి చెందిన ఇద్దరు ముగ్గురికి ఇవ్వాలి. 'ఏది బాగుంది?' అని అడగకూడదు. 'మీ అమ్మాయికి లెక్కలు చెప్పించడానికి వీళ్ళలో ఎవరి దగ్గరకు పంపుతారు?' అని అడగాలి. ప్రశ్న మారితే జవాబు మారుతుంది. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పైన చెప్పిన ప్రయోగాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల విశ్వవిద్యాలయాల్లో జరిగాయి. చిరునవ్వు నమ్మకాన్ని పెంచుతుందనే మాట మనకూ వర్తిస్తుందనుకోవచ్చు. కానీ కోటు మనిషిని పెద్దమనిషిని చేస్తుందా, పరాయివాణ్ణి చేస్తుందా అన్నది నల్గొండలో ఒకలా, న్యూజెర్సీలో ఒకలా ఉంటుంది. అది మన కళ్ళతోనే తేల్చుకోవాలి.

ఎంపిక అక్కర్లేని ఫొటోలు

గుర్తింపు కోసం అడిగే ఫొటోల విషయంలో తలబద్దలు కొట్టుకునే పని లేదు. అక్కడ నియమమే రాజు. అమెరికా వీసాకు రెండంగుళాల చదరం, తెల్లటి వెనకతెర, ఆరు నెలల్లోపు తీసినది కావాలి. 2016 నవంబరు నుంచి కళ్ళజోడు కూడా కుదరదు. నీట్ దరఖాస్తుకు తెల్లటి వెనకతెర మీద చెవులతో సహా ముఖం ఎనభై శాతం కనపడాలి, పోస్టుకార్డు సైజు ఫొటో కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. మీసేవ పక్కనున్న స్టూడియో కుర్రాడికి ఈ కొలతలన్నీ కంఠతా వచ్చు. అతని మాట వినడం మంచిది.

ఈ జాబితాలో ఒకటి మాత్రం ఆగి చూడదగ్గది. ఒకే పేరున్న అభ్యర్థుల వల్ల ఓటర్లు తికమకపడకుండా, ఓటింగ్ యంత్రాల బ్యాలెట్ మీద అభ్యర్థుల ఫొటోలు ముద్రించాలని ఎన్నికల సంఘం 2015లో నిర్ణయించింది. స్టాంపు సైజు ఫొటో, కెమెరాకు ఎదురుగా చూస్తూ, ముఖంలో ఏ భావమూ లేకుండా, మామూలు దుస్తుల్లో ఉండాలి. యూనిఫాం, టోపీ, నల్లకళ్ళద్దాలు కూడదు. 2025 బిహార్ ఎన్నికల నుంచి ఆ ఫొటోలు రంగుల్లో, మూడొంతుల జాగా ముఖానికే దక్కేలా వస్తున్నాయి. అదే అభ్యర్థి ఊరంతా కట్టిన ఫ్లెక్సీల మీద చేతులు జోడించి, ఆకాశంలోకి చూస్తూ, పక్కన నాయకుల బొమ్మలతో ఉంటాడు. ఫ్లెక్సీ 'నన్ను నమ్మండి' అంటుంది, బ్యాలెట్ 'ఇతనే అతను' అంటుంది. ఒక మనిషి, ఒక పోటీ, రెండు ఫొటోలు. మన రాజకీయ నాయకులకు ఎప్పట్నుంచో తెలిసిన ఈ విద్య ఉద్యోగులకూ ఉపాధ్యాయులకూ ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.

వృత్తిలో

వైద్యుల సంగతి ముందుగా చూద్దాం, ఎందుకంటే వాళ్ళ మీదే మంచి పరిశోధన జరిగింది. మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుల నాయకత్వంలో అమెరికాలోని పది బోధనాసుపత్రుల్లో నాలుగు వేల మందికి పైగా రోగులకు, ఒకే వైద్యుడిని వేర్వేరు దుస్తుల్లో తీసిన ఫొటోలు చూపించి అభిప్రాయం అడిగారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో మొత్తమ్మీద మంచి దుస్తులపై తెల్లకోటుకే ఎక్కువ మార్కులు పడ్డాయి. కానీ అత్యవసర విభాగం, శస్త్రచికిత్సల దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆపరేషను దుస్తులకే మొగ్గారు. తెల్లకోటు మనిషికి గౌరవమిస్తుంది, కానీ పని ఏమిటో చెప్పేది ఆ పని దుస్తులే. పిల్లల వైద్యుడు మెడలో స్టెతస్కోపుతో, చేతులు కట్టుకుని నిలబడిన ఫొటో పెడితే పెద్దల ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, పిల్లవాడి ప్రశ్నకు దొరకదు.

అయితే మన దేశంలో డాక్టరు ఫొటోకు ఒక హద్దుంది. 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి ప్రకారం లెటర్‌హెడ్ మీద, క్లినిక్ బోర్డు మీద సొంత ఫొటో వేసుకోవడం స్వయంప్రచారం కిందికి, అంటే అనైతిక ప్రవర్తన కిందికి వస్తుంది. మన పట్టణాల్లో ఏ ఆసుపత్రి వీధిలో నడిచినా ఈ నియమం ఎంత అమలవుతోందో కనిపిస్తుంది. నియమం ఉద్దేశం సరైనదేనని నా నమ్మకం. జబ్బు పడిన మనిషి బోర్డు మీది ముఖాన్ని కాక చదువునూ అనుభవాన్నీ చూసి లోపలికి రావాలి.

లాయర్లకు ఇంకా గట్టి కట్టుబాటు. బార్ కౌన్సిల్ ముప్ఫై ఆరో నియమం న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని నిషేధిస్తుంది. తాము వాదించిన కేసులకు సంబంధించి ఫొటోలు ప్రచురణకు ఇవ్వడం కూడా తప్పే. 2008 సవరణ తర్వాత వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, నమోదు సంఖ్య, చదువు, వాదించే రంగాలు వంటి వివరాలు పెట్టుకోవచ్చు. నల్లగౌను, మెడలో తెల్లబ్యాండు కోర్టు బయట బహిరంగ స్థలాల్లో ధరించరాదని మరో నియమం. అందుకని న్యాయవాది ప్రొఫైలుకు తెల్లచొక్కా మీద నల్లకోటు, లేదా హుందా అయిన చీర చాలు. న్యాయ సహాయ శిబిరంలో ఉచితంగా సలహాలిచ్చే రోజుకు మాత్రం ఆ నల్లకోటు కూడా తీసేసి దిగిన ఫొటో కరపత్రంలో వేస్తే మేలు. కోర్టంటేనే భయపడే మనిషిని మనం పిలుస్తున్నాం.

సాఫ్ట్‌వేర్, బ్యాంకు, కన్సల్టెన్సీ ఉద్యోగులకు లింక్డిన్ ఫొటోనే ముఖ్యం. అక్కడ ముఖం ఫ్రేములో సగానికి పైగా ఉండాలి, ఎందుకంటే ఎక్కువమంది దాన్ని ఫోన్‌లో చిటికెన వేలి గోరంత వలయంలో చూస్తారు. టై కట్టాలా అన్నదానికి నా సమాధానం చాలా సాదాగా ఉంటుంది. మీరు చేరాలనుకుంటున్న చోట మీ పైస్థాయి ఉద్యోగి మామూలు మంగళవారం ఏం వేసుకుంటాడో అదే వేసుకోండి. బీమా, స్థిరాస్తి ఏజెంట్లు, పెళ్ళిళ్ళ పేరయ్యలు కోటూ టైల మోజులో పడటం చూస్తాను. వాళ్ళ వ్యాపారం ఇంటింటి పరిచయాల మీద నడిచేది. ఇస్త్రీ చొక్కా, పళ్ళు కొంచెం కనిపించే నవ్వు వాళ్ళకు కోటు కన్నా ఎక్కువ తెచ్చిపెడతాయి. నటులైతే మేకప్ లేకుండా, ఎదురుగా, పక్కగా, నిలువెత్తునా దిగినవి వేర్వేరుగా ఇవ్వడం పరిశ్రమ ఆనవాయితీ కాబట్టి వాళ్ళకు కొత్తగా చెప్పేదేమీ లేదు.

సేవలో

స్వచ్ఛంద సేవ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఆఫీసులో చూసేవాడు మన సమర్థతను వెతుకుతాడు. సేవలో చూసేవాడు సాయం అడగబోతున్నాడు. అడగటం ఎంత కష్టమో ఎప్పుడైనా చేయి చాచిన వాళ్ళకు తెలుస్తుంది. రక్తం అడగాలన్నా, కొడుక్కి ఉచితంగా చదువు చెప్పమనాలన్నా, ఆత్మహత్య ఆలోచనలొస్తున్నాయని చెప్పుకోవాలన్నా అవతలి ముఖంలో తీర్పు చెప్పే చూపు ఉండకూడదు. కింది నుంచి పైకి తీసిన ఫొటోలు, కట్టిన చేతులు, పెద్ద బల్ల, వెనక వరుసగా పెట్టిన జ్ఞాపికలు ఇక్కడ అడ్డం వస్తాయి. కళ్ళ ఎత్తులో కెమెరా, కొంచెం ముందుకు వంగిన భుజాలు, కళ్ళదాకా పాకిన నవ్వు, పగటి వెలుతురు ఉంటే చాలు. ఉద్యోగం ఫొటోను అలాగే తెచ్చి ఇక్కడ అతికిస్తే ఎదుటివాళ్ళు 'సార్'తో మాట్లాడుతున్నట్టు ముడుచుకుపోతారు.

సంస్థ గుర్తు కనిపించడం ఇక్కడ మంచిదే. రెడ్‌క్రాస్ జాకెట్, ఎన్.ఎస్.ఎస్. బ్యాడ్జీ, తిరుమలలో శ్రీవారి సేవకుల కండువా ఆ మనిషి ఎవరి తరఫున నిలబడ్డాడో చెబుతాయి. వరద సాయానికి వెళ్ళినవాళ్ళ మెడలోని కార్డు మీద ఫొటో అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చీకట్లో తలుపు తీసిన ముసలావిడ టార్చి వెలుగులో కార్డునూ ముఖాన్నీ పోల్చి చూసుకుంటుంది. అక్కడ అందం పక్కన పెట్టి, ఈ నెల ఉన్న గడ్డంతో, వాడే కళ్ళజోడుతో దిగిన స్పష్టమైన ఫొటోనే వేయాలి.

నాకు నిజంగా కోపం తెప్పించే అలవాటు ఒకటుంది. సేవ చేసినవాళ్ళ ప్రొఫైలు ఫొటోలో సేవ పొందినవాళ్ళు ఉండటం. అన్నం ప్యాకెట్ అందుకుంటున్న చేతులు, దుప్పటి కప్పించుకుంటున్న వృద్ధురాలు, అనాథాశ్రమంలో ఒళ్ళో కూర్చున్న పాప. ఆ పాప మీ ప్రొఫైలుకు ఒప్పుకుందా? బాలల న్యాయ చట్టం, 2015లోని డెబ్బై నాలుగో సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపడేలా ఫొటో ప్రచురించడం నేరం. శిక్ష సంగతి అటుంచినా, ఒక మనిషి జీవితంలోని అత్యంత దీనమైన క్షణాన్ని మన మంచితనానికి సాక్ష్యంగా వాడుకోవడం అన్యాయం. సేవకుడి ఫొటోలో సేవకుడు ఒక్కడే ఉండాలి. కావాలంటే చేతిలో సుద్దముక్క, పక్కన నల్లబల్ల ఉండనివ్వండి.

స్త్రీల విషయం వేరుగా చెప్పాలి. సేవా గ్రూపుల్లో నంబరు, ఫొటో రెండూ బయటపెట్టిన అమ్మాయిలకు అర్ధరాత్రి ఫోన్లు రావడం, వాళ్ళ ఫొటోలు మరో చోటికి పాకడం అందరికీ తెలిసిందే. ఇప్పుడు ముఖం మార్చే సాధనాలు వచ్చి భయం రెట్టింపైంది. అందుకని ఫొటో పెట్టమని ఏ సంస్థా బలవంతం చేయకూడదు. ఫొటో ఉన్న చోట నంబరు సంస్థదై ఉండాలి. లోపలి సభ్యులకు కనిపించే ఫొటో, బయటి ప్రపంచానికి కనిపించేది వేరుగా ఉంచడం కష్టమేమీ కాదు. ఒక వలంటీరు ఫొటోకు బదులు బొమ్మ గీయించి పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వాలి.

విదేశాల్లోని తెలుగు సంఘాల ప్రత్యేక సంచికలు చూస్తే ఒక చిత్రమైన వరుస కనిపిస్తుంది. కార్యవర్గమంతా సూట్లలో, పట్టుచీరల్లో, పేజీకి పాతికమంది. ఎవరు పురోహితుడిని కుదిర్చిపెడతారో, ఎవరు కొత్తగా వచ్చిన విద్యార్థికి గది చూపిస్తారో ఆ ముఖాల్లో తెలియదు. ఆ సంచిక సన్మానానికి పనికొస్తుంది. విమానం దిగి దిక్కుతోచక ఫోన్ తెరిచిన కుర్రాడికి కావాల్సిన పేజీ మాత్రం వేరేగా ఉండాలి. అక్కడ మామూలు చొక్కాలో నవ్వుతున్న ముఖం, కింద 'ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్తాను' అన్న మాట ఉంటే చాలు.

తీయడంలో మెలకువలు

ఇవి కొన్నే. మొదటిది దూరం. చేతిలో ఫోన్ పట్టుకుని తీసిన సెల్ఫీలో ముక్కు ఎందుకు పెద్దదవుతుందో 2018లో అమెరికా వైద్య పరిశోధకులు లెక్కకట్టారు. అడుగు దూరం నుంచి తీస్తే, ఐదడుగుల దూరం నుంచి తీసినదానికంటే ముక్కు వెడల్పు సుమారు ముప్ఫై శాతం ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఫోన్ మరొకరి చేతికిచ్చి, వాళ్ళను ఐదారడుగుల దూరంలో నిలబెట్టి, ఫోన్‌లోని రెండింతల లెన్సుతో తీయించాలి. వెలుతురు ఉదయం కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట బాగుంటుంది. నడినెత్తిన ట్యూబులైటు ఉంటే కళ్ళ కింద నీడలు పడతాయి. బట్టల్లో సన్నటి గళ్ళు, చారలు చిన్న తెర మీద కదులుతున్నట్టు కనిపిస్తాయి. పట్టుచీర జరీ అంచు ఫ్లాషుకు మెరిసి ముఖాన్ని మింగేస్తుంది. ఒకే రంగు మంగళగిరి చీరో, చేనేత చొక్కానో ఎప్పుడూ నమ్మదగినవి. బొట్టు, విభూతి, హిజాబ్, తలపాగా రోజూ ఉండేవైతే ఫొటోలోనూ ఉండాలి. ఫొటో కోసం వాటిని తీసేయడమూ తగదు, కొత్తగా పెట్టుకోవడమూ తగదు.

ఇక రంగు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. కొడాక్ సంస్థ రంగులు సరిచూసుకోమని ల్యాబులకు పంపిన కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి మహిళల ముఖాలే ఉన్నాయి. నల్లని చర్మం అచ్చులో ఎలా వస్తుందన్నది చాలా ఆలస్యంగా పట్టించుకున్నారు. 2021లో గూగుల్ తన ఫోన్లలో రకరకాల చర్మపు రంగులను ఉన్నదున్నట్టు చూపించే ఏర్పాటు ప్రత్యేకంగా తేవాల్సి వచ్చింది. మన స్టూడియోల్లో ఇప్పటికీ అడక్కుండానే ముఖాన్ని రెండు ఛాయలు తెల్లగా చేసి ఇస్తారు. వద్దని చెప్పండి. ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టిన మనిషికీ ఫొటోకూ ఛాయలో తేడా ఉంటే అవతలివాళ్ళకు తోచే మొదటి అనుమానం నిజాయితీ మీదే. మెరుగులు దిద్దేవాళ్ళలో ఒక మంచి కట్టుబాటుంది: రెండు వారాల్లో మానిపోయే మొటిమను తీసేయొచ్చు, మనతో ఉండిపోయే మచ్చనూ ముడతనూ నెరిసిన వెంట్రుకనూ ముట్టుకోకూడదు. దాన్ని దాటిపోవద్దు.

కృత్రిమ మేధ తయారుచేసే ఫొటోలకు ఈ కొలబద్దే సరిపోతుంది. పది సెల్ఫీలిస్తే కోటూ టైలతో నలభై ఫొటోలు తయారుచేసి ఇచ్చే యాప్‌లు 2023 నుంచి విపరీతంగా వ్యాపించాయి. ఆ ఏడాదే అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివే ఆసియా మూలాల విద్యార్థిని ఒకరు తన ఫొటోను వృత్తిపరమైన ప్రొఫైలుకు తగినట్టు మార్చమని అలాంటి సాధనాన్ని అడిగితే, అది ఆమె చర్మాన్ని తెల్లబరిచి కళ్ళను నీలంగా మార్చేసింది. ఆ యంత్రానికి 'వృత్తిపరం' అంటే ఎవరి ముఖమో అక్కడే బయటపడింది. వెనకతెర మార్చడానికో, వెలుతురు సరిచేయడానికో వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. మీరు ఎప్పుడూ తొడగని కోటులో, మీకు లేని దవడతో మీ పేరు కింద ఒక ముఖం నిలబడితే అది మీ ఫొటో కాదు. సేవా సంస్థల గుర్తింపు కార్డుల్లోకి ఇవి అస్సలు రాకూడదు.

ఫొటో వద్దనాల్సిన చోటు

ఇంతసేపూ ఏ ఫొటో ఎక్కడ పెట్టాలో మాట్లాడుకున్నాం. అసలు పెట్టకూడని చోటొకటుంది. జర్మనీలో ఉద్యోగ దరఖాస్తుతో ఫొటో జత చేయడం పాత ఆనవాయితీ. డోరిస్ వైక్సెల్‌బౌమర్ అనే ఆర్థికవేత్త ఒకే యువతి ఫొటోతో, ఒకే అర్హతలతో అక్కడి కంపెనీలకు మూడు రకాల దరఖాస్తులు పంపారు. జర్మన్ పేరుతో పంపినవాటికి నూటికి 18.8 ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. టర్కీ పేరుతో 13.5. అదే టర్కీ పేరుకు తలపై స్కార్ఫ్ ఉన్న ఫొటో జోడిస్తే 4.2. చదువు మారలేదు, ముఖమూ మారలేదు. ఇజ్రాయెల్‌లో జరిగిన మరో అధ్యయనంలో ఫొటో పెట్టిన అందమైన స్త్రీలకంటే ఫొటోయే పెట్టని స్త్రీలకు ఎక్కువ పిలుపులు వచ్చాయి. మనం ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా ఈ పక్షపాతాన్ని ఏ ఫొటోగ్రాఫరూ సరిదిద్దలేడు. అమెరికా, బ్రిటన్‌లలో బయోడేటాలో ఫొటో పెట్టకపోవడమే మర్యాద. అక్కడికి దరఖాస్తు చేసే మన పిల్లలు కుడివైపు పైమూలన ఫొటో అంటించే అలవాటు మానుకోవాలి.

మన కాలేజీలు, కంపెనీలు, ట్రస్టులు, సేవా సంఘాలు ఇప్పటికీ మొదటి ఫారంలోనే ఫొటో గడి పెడుతున్నాయి. రంగు, బొట్టు, బురఖా, వయసు, ముఖం మీది మచ్చ అన్నీ ఆ గడిలోంచే ఎంపిక బల్ల మీదికి వచ్చేస్తాయి. నిర్వాహకులకు నా విన్నపం: ఆ గడి తీసేయండి. మనిషిని ఎంచుకున్న తర్వాత, చేరిన మొదటి రోజు కిటికీ దగ్గర ఒక కుర్చీ వేసి, చేసే పనేమిటో తెలిసిన ఒకరిచేత మీరే ఆ ఫొటో తీయించండి.